మొదటి ఆకు

"పదివేలు దాటిపోనాయి బావా! మేనేజరుకి పంపించీనా?"

కంపెనీకి క్లౌడ్‌లో ఉన్న సర్వర్ల జాబితాను పేజీకి వంద చొప్పున తెచ్చి లెక్కపెట్టే ప్రోగ్రాం అప్పలసూరిదే. ఇంత పెద్ద లెక్క చూస్తే మేనేజరు ఎగిరి గంతేస్తాడని అతని వేలు అప్పుడే సెండ్ బటన్ మీదికెళ్లింది.

సాయిశంకర్ స్క్రీన్ మీదికి వంగాడు. "ఆగు బావా. ప్రతి పేజీలోనూ మొదటి పేరు ఒకటే ఉందేటి? తర్వాత పేజీ ఇమ్మని అడగడం మర్సిపోనావు. ఆ వందనే తిప్పితిప్పి లెక్కెడతన్నావు."

"అంత బేగి ఎలా కనిపెట్టీసావు?"

"మొన్న కంచరపాలెంలో మా సెల్లి పెళ్లికి, మూడు బంతుల్లోనూ మొదటి ఆకు ముందర నువ్వే కూకున్నావు కదా!"

అప్పలసూరి వేలు బటన్ మీంచి జారిపోయింది.

"బంతి బంతికీ సొక్కా మార్సినాను కదేటి బావా!"