సూదిమొనంత చిల్లు

జాకీల మీద ఎత్తిపెట్టిన జీపు వెనక చక్రాల్లో ఒకటి గిర్రున తిరుగుతోంది. రెండోది ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

"లాక్ నొక్కావా?" బండి వెనక నుంచి మేస్త్రి కేకేశాడు.

"మూడుసార్లు నొక్కాను నాన్నా! పడట్లేదు," అంది స్టీరింగు ముందున్న కూతురు.



కొండ పందెం మొదలవడానికి ఇంకా గంటే ఉంది. రెండు వెనక చక్రాల్నీ ఒకటిగా తిప్పే ఆ లాక్ పడకపోతే బురదగుంట దాటడం కల్ల. ఒక చక్రం బురదలో జారిందంటే బలమంతా దానికే పోతుంది. గట్టినేల మీదున్న చక్రం చోద్యం చూస్తూ కూర్చుంటుంది.

రెండేళ్ల ఆదివారాలన్నీ ఈ జీపుకే ధారపోశారు తండ్రీకూతుళ్లు. ఇంజను ఒకచోట, ఇరుసు ఇంకోచోట, సీట్లు ఎవరిదో పాత వ్యానువి. "ఊళ్లో తుక్కంతా పోగేసి స్టీరింగు తగిలించారు" అని మేస్త్రి భార్య నవ్వేది. నవ్వుతూనే ఆ సీట్లకి తొడుగులు కుట్టిపెట్టింది.

"లోపల గేరు పళ్లు విరిగుంటాయి. విప్పాల్సిందే," అంటూ మేస్త్రి స్పానర్ అందుకున్నాడు.

"విప్పితే సాయంత్రానికిగానీ బిగించలేం కదా?"

ఆయన అప్పటికే బండి కిందికి వంగాడు.

"పళ్లు విరగలేదేమో," అన్నారెవరో.

యాభై ఏళ్లావిడ. జనం కోసం కట్టిన తాడు కింద నుంచి వంగి ఇవతలికొచ్చేసింది. చేతిలో సగం తాగిన టీ.

"అమ్మా, చూసేవాళ్లు తాడు అవతలే ఉండాలి."

"అలాగేలెండి. మీ కంప్రెసర్ ఆగకుండా మోగుతోంది, గమనించారా?"

"మోగితే మోగనివ్వండి. మా తిప్పలేవో మేం పడతాం."

"గాలితో పడే లాక్ కదా మేస్త్రిగారూ! గాలి నిండితే కంప్రెసర్ దానంతటదే ఆగాలి. పళ్లు విరిగితే గాలెందుకు పోతుంది? ఎక్కడో కారుతోంది."

మేస్త్రికి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ల కింద పడుకున్నవాడికి పాఠాలా! పోనీ తప్పు పడదామా అంటే, ఆవిడ మాటలో తప్పు దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

కూతురు అప్పటికే మగ్గులో సబ్బునీళ్లు కలిపేసింది. గాలి గొట్టం పొడవునా గుడ్డతో పూసుకుంటూ పోయింది. సైలెన్సర్ దగ్గరికొచ్చేసరికి బుడబుడమంటూ నురగ పొంగింది.

"నాన్నా! ఇదిగో, ఇక్కడ!"

ప్లాస్టిక్ గొట్టం సైలెన్సర్‌కి ఆనుకుని, వేడికి మెత్తబడి చిల్లు పడింది. సూదిమొనంత.

చెడిన ముక్క కోసేశారు. తీరా చూస్తే రెండు కొసల్నీ కలిపే జాయింట్ లేదు. మేస్త్రి పెట్టె మొత్తం నేల మీద బోర్లించాడు. అన్నీ ఉన్నాయి, అదొక్కటి తప్ప.

"ఉండండి," అని ఆవిడ వెళ్లి, ఇత్తడి జాయింట్‌తో తిరిగొచ్చింది. ఇమ్మని మేస్త్రి చెయ్యి చాచేలోగా తనే బండి కిందికి దూరింది. గొట్టం కలిపి, వేడి తగలకుండా పక్కకి జరిపి కట్టింది. బయటికొచ్చేసరికి ఒంటి నిండా మట్టి.

"మీ టీ చల్లారిపోయిందమ్మా," అన్నాడు మేస్త్రి నొచ్చుకుంటూ.

"వేడి టీ తాగే యోగం నాకెప్పుడూ లేదులెండి!"

గేరు న్యూట్రల్‌లో పెట్టి మేస్త్రి ఒక చక్రాన్ని చేత్తో తిప్పాడు. రెండోది ఎదురు తిరిగింది. కూతురు బటన్ నొక్కింది. కంప్రెసర్ కాసేపు మోగి, టక్కున ఆగింది. మేస్త్రి మళ్లీ తిప్పాడు.

రెండూ ఒకేవైపు తిరిగాయి.

ఆయన వేసిన కేకకి పక్క బండివాళ్లు ఉలిక్కిపడ్డారు.

"ఒక్కమాట అమ్మాయ్," అంది ఆవిడ. "లాక్ బురదలో దిగాక కాదు, దిగకముందే వెయ్యి. గుంట దాటగానే తీసెయ్యి. లాక్ మీద బండి మలుపు తిరగనని మొండికేస్తుంది. టైమంతా అక్కడే పోతుంది."

"ఇవన్నీ మీకెలా తెలుసు పిన్నీ?"

"అడక్కు. చెప్పుకుంటే సిగ్గుచేటు!" నవ్వుతూ జనంలో కలిసిపోయింది.

పందెంలో బండ్లు ఒక్కొక్కటే బయల్దేరాయి. బురదగుంటలో మూడు దిగబడ్డాయి. వాటిని తాళ్లేసి లాగారు. మేస్త్రి కూతురు గుంట అంచునే లాక్ వేసింది. ఒక చక్రం జారినా రెండోది నేలని కరిచిపట్టి జీపుని ఒడ్డుకి చేర్చింది. అక్కడ లాక్ తీసేసింది. మలుపులో జీపు చేపపిల్లలా తిరిగింది.

"ఇప్పటిదాకా ఇదే తక్కువ సమయం!" మైకు అరిచింది.

ఇంకొక్క బండే మిగిలింది. తొమ్మిదో నంబరు. ఆరేళ్లుగా ఈ కొండ మీద ఓటమన్నది ఎరగని బండి అని మైకులో చెప్పారు. బురదగుంటని అది తారురోడ్డులా దాటింది. మలుపులో వెన్నలా జారింది. జనమంతా లేచి నిలబడ్డారు.

రెండు సెకన్లు ఆలస్యం!

మేస్త్రి కూతుర్ని అమాంతం ఎత్తుకున్నాడు. ఫోన్లో భార్య "ఆ తుక్కేనా గెలిచింది! మన తుక్కేనా!" అని నవ్వుతూ ఏడుస్తోంది.

"ఆవిడేదే? ముందు ఆవిడకి చెప్పాలి. మొహం మీదే అవతలికి పొమ్మన్నాను, నా నోరు పడిపోను!" అంటూ మేస్త్రి తాడు వెంబడి ఆ చివరిదాకా పరిగెత్తాడు. కనిపించలేదు.

బహుమతి వేదిక మొదటి మెట్టు మీద కూతురి పక్కన నిలబడి కూడా జనంలో ఒక్కో మొహమే వెతుకుతున్నాడు.

"రెండో స్థానం," అంది మైకు.

తొమ్మిదో నంబరు బండి నడిపిన మనిషి పక్క మెట్టెక్కి, హెల్మెట్ తీసి, "మలుపులో లాక్ భలే తీశావమ్మాయ్!" అంటూ కూతురి భుజం తట్టింది.