వెనక వైపు

రామిజ్ ఫ్యాను వేశాడు.

పక్క బల్ల మీది కాగితం లేచింది. దాని మీద పేర్చి ఉన్న ఆవగింజలంత డయోడ్లు నేలంతా చెదిరిపోయాయి.

పొద్దుటి నుంచి వాటిని పట్టకారుతో పేరుస్తున్న వగీహ్ నేల మీద కూర్చుని, వేలు తడి చేసుకుని, ఒక్కొక్కటే అద్దుకుని ఏరసాగాడు.

"ఇంకా ఇదేం పని బాబాయ్?" అన్నాడు రామిజ్. "భాగాలు పెట్టడానికి ప్రోగ్రాం ఉందిగా."

వగీహ్ కైరోలోని ఆ చిన్న కంపెనీకి టంకం పనివాడు. కబురు పెడితే వచ్చి, పాడైన బోర్డులు బాగుచేసి పోయేవాడు. వేళ్ల నిండా కాలిన మచ్చలు. ఆయన కంప్యూటర్ ముట్టుకోగా అక్కడెవరూ చూడలేదు.

రామిజ్ కొత్త ఇంజనీరు. ఆర్నెల్లు చూసి ఉంచుకుంటామన్నారు. ఆ ఆర్నెల్లకు పరీక్ష ఈ బోర్డే.

కామెర్లతో పుట్టిన పసిపిల్లల మీద వేసే నీలి దీపం అది. ముందు వైపు రెండువందల నలభై చిన్న బల్బులు, వెనక కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్లు అన్నే. మిన్యాలో ఒక ఆసుపత్రి ఆ దీపాల కోసం ఎదురుచూస్తోంది.

చేత్తో అయితే వారం పని. ప్రోగ్రాం అరనిమిషంలో తెర మీద అన్నిటినీ వాటి చోట కూర్చోబెట్టింది. ఏది ఎక్కడ, ఎటు తిరిగి ఉండాలో పట్టీ కూడా రాసింది. ఫ్యాక్టరీలో యంత్రం ఆ పట్టీ చదివే భాగాలు పెడుతుంది.

"ఇది ఎవరు రాశారో తెలీదు" అన్నాడు రామిజ్. "కాలేజీలో ఒకరి దగ్గర్నుంచి ఒకరికి చేరింది. గారడీవాడు అని పేరు పెట్టుకున్నాం. ఆయన కనబడితేనా, రెండు చేతులూ ముద్దుపెట్టుకుంటాను."

వగీహ్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

కాసేపటికి ఏరిన డయోడ్లను ఒక్క వరుస మళ్లీ పేర్చాడు. "ఆ గారడీవాడే తప్పు చేశాడు నాయనా. ఇటు చూడు. నీ పట్టీలో ఉన్నట్టే పెట్టాను. డయోడ్ మీద గీత బొమ్మలో కింద ఉంది. ఇక్కడ పైకొచ్చింది."

"తెర మీద సరిగ్గానే ఉందే."

"తెర మీద ఉంటుంది. పట్టీలో లేదు. అది బోర్డును ముందు నుంచి చూస్తూ రాసింది. యంత్రం బోర్డు తిరగేసి, వెనక నుంచి పెడుతుంది. అన్నీ తలకిందులవుతాయి."

"ఇన్నేళ్లలో ఎవరికీ కనబడలేదా? నీకే కనబడిందా?"

"ఆ రోజుల్లో ఒక వైపే పెట్టేవాళ్లం. వెనక వైపు సంగతి వాడికి తట్టలేదు. రెండు రోజులు ఆగు."

"ఆగితే? నువ్వు సరిచేస్తావా, వేలు తడి చేసుకుని?"

గదిలో అందరూ నవ్వారు.

నవ్వులు విని మదామ్ ఇన్సాఫ్ బయటికి వచ్చింది. కంపెనీ ఆమెదే. "ఏమిటీ గోల?"

"ఈయన నన్ను పని చేసుకోనివ్వడం లేదు మదామ్."

ఆమె గడియారం చూసుకుంది. "వగీహ్ గారూ, బోర్డులు వచ్చాక కబురు పెడతాను. అప్పటిదాకా ఇంటి దగ్గరే ఉండండి."

వగీహ్ గ్లాసులో మిగిలిన టీ తాగాడు. పట్టకారు చేతిరుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు.

పట్టీ ఆ సాయంత్రమే ఫ్యాక్టరీకి పోయింది.

మూడు వారాలకు యాభై బోర్డులు వచ్చాయి. మదామ్ స్వయంగా స్విచ్ వేసింది.

ఒక్క బల్బూ వెలగలేదు.

రామిజ్ బోర్డు తిరగేశాడు. గీతలన్నీ పైనే ఉన్నాయి.

"మిన్యా నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది" అంది మదామ్. గొంతు పెంచలేదు. "వెళ్లి వగీహ్‌ని తీసుకురా. ఆయన చేతులు పడితే పది బోర్డులైనా బతుకుతాయి. ఆయన లేకుండా నువ్వూ రాకు."

షుబ్రా పేటలో వగీహ్ ఇల్లు, మూడో అంతస్తు. తలుపు తీసే ఉంది. గోడ వారగా కుర్చీలు వేసి ఉన్నాయి, మనిషి పోయిన ఇంట్లో నలభయ్యో రోజు దాకా ప్రతి గురువారం వేసే కుర్చీలు.

నల్లబట్టల్లో ఉన్న ఆయన కూతురు చక్కెర లేని కాఫీ తెచ్చి ఇచ్చింది.

రామిజ్ కప్పు అందుకున్నాడు. "ఆయనకు మిగిలిన ఆయుష్షు మీకు కలగాలి" అన్నాడు, అందరూ అనే మాటే.

"మీరు రామిజ్ కదూ? ఆఫీసు నుంచి వచ్చాక నాన్న రెండు రోజులు నా లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. రెండో రోజు మీకు ఫోన్ చేశారు. పనిలో ఉన్నారేమో, మీరు ఎత్తలేదు. మూడో రోజు పొద్దున ఇంక లేవలేదు."

రామిజ్‌కి గుర్తొచ్చింది. ఆ రోజు ఫోను మీద ఆ పేరు చూసి, బోర్లా పెట్టేశాడు.

ఆమె చేతిరుమాలు మూట తెచ్చి అతని చేతిలో పెట్టింది. అందులో పట్టకారు, ఒక పెన్‌డ్రైవ్. "మీరు వస్తే ఇవ్వమన్నారు."

మెట్ల మీదే కూర్చుని, సంచిలోంచి లాప్‌టాప్ తీసి తెరిచాడు.

గారడీవాడి ప్రోగ్రామే. దాదాపు ప్రతి వరుసా తెలిసిందే. పైన రెండు వరుసలు మాత్రం తన కాపీలో లేవు.

మొదటిది ఇరవై రెండేళ్ల కిందటి తేదీతో ఉంది: "రాసినది, వగీహ్."

రెండోది, అందరూ నవ్విన రోజుకు మర్నాటి తేదీతో: "వెనక వైపు తప్పు నాదే, కుర్రాడిది కాదు. సరిచేశాను."