ఒక్కటే సీటు

“సీటు అయిపోయింది పో అంటే ఎట్ల సార్? ఎవరికిచ్చినారో చూపీండి. చూసేదాకా ఈణ్ణుంచి కదల్ను.”

ఏసుమణి చంకలో ఎనిమిదేళ్ల స్తుతి ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు నడుం కింద బలం లేదు. కమలాపురంలోని ఆ ప్రైవేటు బడి గేటు పట్టుకుని తల్లి నిలబడిన తీరు చూస్తే, నలుగురు లాగినా వచ్చేటట్టు లేదు.

లోపల షామియానా కింద ‘అందరికీ ఒకే బడి’ అని మైకులో మాటలు కోటలు దాటుతున్నాయి. నడవలేని ఒక్క పిల్లను మామూలు పిల్లలతో కలిపి చదివిస్తే చాలు, ఆ పిల్ల ఫీజు, చక్రాల కుర్చీ, వ్యాను, పైగా బడికి నాలుగు కొత్త గదులు ఇస్తామని ఒక ఫౌండేషన్ ముందుకొచ్చింది. ఊరికే వచ్చే గదులు ఏ కరస్పాండెంటుకు చేదు?

ఆ బడి కరస్పాండెంటు రాఘవేంద్రప్రసాద్ గేటుకు మరింత దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. “పెద్దోళ్లు వచ్చిండారమ్మా. రేపు రా, మాట్లాడుదాం.”

“రేపు రేపని నెల్లాళ్లు తిప్పుకుంటివి.” కోపంలో ఏసుమణి నోట మర్యాద జారిపోయింది. “ఎత్తుకునేదానికి ఆయా ల్యాదంటివి. బాత్రూము సరిపోదంటివి. తక్కిన పిల్లోళ్ల అమ్మానాయనలు ఒప్పుకోరంటివి. ఇప్పుడు సీటే ల్యాదంటాండావు. నా బిడ్డ అక్షరం నేర్చుకుంటే నీ బడి మైల పడతాదా?”

“మీ పాపకంటే అవసరమున్న పాప వచ్చింది. నన్నేం చేయమంటావు?”

“దీనికంటే అవసరం యాడుండాది? చూపీ.”

ఆ అరుపు మైకును మించిపోయింది. ముందు వరుసలోంచి ఫౌండేషన్ మేడం సుచరిత లేచి వచ్చింది. సంగతి విని, గేటు తీయించి ఏసుమణిని లోపలికి పిలిచింది.

“బడికి ఒక్క సీటేనమ్మా. ఇంకోటి ఇవ్వడం నా చేతుల్లో లేదు. వచ్చే ఏడాది చూద్దాం.”

“వచ్చే ఏడాదికి దీనికి తొమ్మిదేళ్లు వస్తాయి మేడం. అ ఆలు ఎప్పుడు దిద్దేది?”

జవాబు కోసం ఆగకుండా ఏసుమణి ముందు వరుసలోని చక్రాల కుర్చీ వైపు విసవిసా నడిచింది. ఉన్న మాటలన్నీ అనేసి పోవాలని వచ్చింది. కుర్చీలో మోకాళ్ల మీద శాలువా కప్పుకుని, రెండు జడలేసుకుని, తలొంచుకుని ఆ సీటు దక్కిన పిల్ల శివాని కూర్చుని ఉంది. అచ్చం స్తుతి ఈడే.

ఏసుమణి ఆ పిల్ల ముందు వంగింది. మెల్లగా అడిగింది. “నీకూ కాళ్లు రావా తల్లీ?”

ఆ పిల్ల ప్రసాద్ వంక చూసి, రావని తల అడ్డంగా ఊపింది.

ఏసుమణికి తన మీద తనకే రోత పుట్టింది. సుచరిత వైపు తిరిగింది. “తప్పు నాదే మేడం. నా మాదిరే ఈ బిడ్డను కన్నతల్లి కూడా శానా ఏడ్సింటాది. సీటు ఈ పాపకే ఉండనీండి. నోటికాడి కూడు లాగితే దేవుడు నన్ను సైసడు.”

ఖాళీగా ఉన్న చేతిని శివాని తల మీద పెట్టి కళ్లు మూసుకుంది. “ప్రభువా, నా బిడ్డ సంగతి తర్వాత చూడు. ముందు ఈ బిడ్డను లేపి నిలబెట్టు.”

ఇంకెవరూ నోరు తెరవకముందే మీటింగు ముగించెయ్యమని ప్రసాద్ మైకు వైపు సైగ చేశాడు. జనగణమన మొదలైంది.

సుచరిత నిటారుగా నిలబడింది. ప్రసాద్ చేతులు ఒంటికి ఆనించుకుని కదలకుండా నిలబడ్డాడు. ఏసుమణి స్తుతిని ఎదకు హత్తుకుని నిలబడింది. రోజూ పొద్దున బడి ప్రేయర్లో నిలబడే అలవాటు కొద్దీ శివాని కూడా శాలువా పక్కకు నెట్టి, కుర్చీలోంచి గబుక్కున దిగి, కాళ్లు దగ్గరపెట్టి నిలబడింది.