ఆరో జవాబు

"మళ్లీ చూస్తామన్నారా నాయనా?" అంటూ పెద్దావిడ బల్ల మీద కవరు పెట్టింది.

టైపిస్టు అలవాటుగా పైన ముద్ర చూసి తలూపబోయాడు. ఎమ్మెల్యే ఆఫీసు జవాబులన్నీ ఒకేలా ఉంటాయని అతని నమ్మకం. చదువురాని ఆమెకు అయిదుసార్లూ అదే చెప్పి పంపాడు.

"ఇంక అర్జీ వద్దులే. మా వీధిలో బస్సు ఆపరని తేలిపోయింది. చంకకర్రలతో అంత దూరం నడవలేక మా అమ్మాయి నిన్న ఉద్యోగం మానేసింది. అయినా ఆయన ప్రతిసారీ జవాబిచ్చాడు, మంచి మనిషి. థాంక్స్ చెబుతూ ఒక ముక్క రాయి."

ఏ తేదీ ఉత్తరానికి థాంక్సో వేయడానికని అతను కవరులోంచి కాగితం తీసి విప్పాడు.

'ఇంతకుముందు అయిదుసార్లు తెలియజేసినట్టు, మీ వీధి మా నియోజకవర్గంలో లేదు. మీ ఎమ్మెల్యే చిరునామా కింద ఇచ్చాం.'

ఆమెను అడక్కుండా ప్రతి అర్జీ మీదా తను ఉండే వీధి ఎమ్మెల్యే పేరు టైపు కొట్టింది అతనే. ఇప్పుడు కూడా గుట్టుచప్పుడు కాకుండా చిరునామా మార్చి పంపేయొచ్చు. ఆమెకు తెలియదు.

"ఏంటి, ఏముంది అందులో?"

"అమ్మా, ఈయన మీ ఎమ్మెల్యే కాదు. మొదటి ఉత్తరంలోనే చెప్పారు. నేనే చదవలేదు."

"చదివావుగా, నా ఎదురుగానే!"

"చదివినట్టు నటించాను."

తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. సంచిలోంచి నలగకుండా దాచుకున్న అయిదు కవర్లు తీసి, వరసగా పేర్చి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఇప్పుడు చదువు," అంది. "మొదటిదాన్నుంచి. గట్టిగా."