మోకాళ్ల మీద ప్రార్థించాం

తార్నాకలో మా చర్చి వెబ్‌సైటు తయారుచేసింది నేనే. ప్రార్థన కోరే పేజీలో ఎవరు ఏం రాసినా, "మీ కోసం ఇప్పుడే మోకాళ్ల మీద ప్రార్థించాం" అని జవాబు దానంతటదే వెళ్తుంది.

"పాస్టరుగారూ, అవి ఎవరన్న చదువుతున్నరా?" అని ఒకసారి అడిగాను.

"చదివే టైమేడుందన్నా? జవాబు లేటైతే వేరే చర్చికి పోతరు" అని నవ్వాడాయన. నేనూ నవ్వాను.

నిన్న చీకటిపడ్డాక, యూనివర్సిటీలో నేను పనిచేసే ఆఫీసు గదిలో ఒక్కణ్నే ఉన్నాను. నా కంప్యూటర్‌లో ఆ ప్రార్థన పేజీ తెరిచి ఉంది. అడిక్‌మెట్ నుంచి ఎస్తేరు అనే ఆమె అందులో రాసింది: "మా బాబును ఆపరేషన్‌కు లోపలికి తీస్కపోయిన్రు. ప్రార్థన చేయండి." జవాబు వెళ్లిపోయింది. నేను టీ తాగుతూనే ఉన్నాను.

ఆమె మళ్లీ రాసింది: "మోకాళ్ల మీద లేవు కదన్నా. కుర్చీలనే ఉన్నవ్."

తలుపు వేసే ఉంది. వరండాలో అడుగుల చప్పుడు కూడా లేదు. భయం కంటే ముందు సిగ్గేసింది. కప్పు పక్కన పెట్టి, చల్లటి గచ్చు మీద మోకరించాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. బాబు పేరైనా ఆ పేజీలో అడగలేదు నేను.

"పేరు చెప్పమ్మా" అన్నాను మెల్లగా.

నా వెనక, నేను లేచి వచ్చిన ఖాళీ కుర్చీ, ఎవరో కూర్చున్నట్టు కిర్రుమంది.