ఒంటరివాళ్లకు ఏ ఊరు మంచిది?

"ఈ వ్యాసం రాసింది మీరేనా అండీ?"

సబ్ ఎడిటర్ తలెత్తి చూసింది. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో కిందటి వారం పత్రిక. భోజనాల వేళ కావడంతో ఆఫీసులో ఆమె తప్ప ఎవరూ లేరు.

"నేనేనండీ, కూర్చోండి," అంది సంబరంగా. వ్యాసం చదివి వెతుక్కుంటూ వచ్చిన పాఠకుడు ఆమెకు ఇంతవరకు తగల్లేదు.

ఆ వ్యాసం కోసం ఆమె నానా తిప్పలూ పడింది. ఏడు ఊళ్లు తిరిగింది. ప్రతి ఊళ్లోనూ ఒంటరి ఆడదానిగా అద్దె గది అడిగింది. పెళ్లి కాలేదు కనుక నటించాల్సిన పనే లేకపోయింది. హోటల్లో ఒక్కతే కూర్చుని భోంచేసింది. కాఫీకి పిలిచిన మగవాళ్లతో కాఫీ తాగింది, పిలవని ఊళ్లలో తన కాఫీ తనే కొనుక్కుంది. అన్నిటికీ మార్కులు వేసి జాబితా కట్టింది. తోడు కోసం చూసేవాళ్లకు రేవు ఊరు మొదటిది. గనుల ఊరు ఆఖరిది. అక్కడ గది కోసం పదకొండు గుమ్మాలు ఎక్కి దిగింది. "ఈ ఊళ్లో పెళ్లికాని మగవాళ్లకు కొదవ లేదు, నోరు విప్పి పలకరించేవాళ్లకే కరువు" అని రాసి కసి తీర్చుకుంది కూడా.

"నేనూ ఒంటరివాణ్ణేనండీ," అన్నాడతను. "మగవాడికి ఏ ఊరు బాగుంటుంది?"

"రేవు ఊరేనండీ. సాయంత్రం సముద్రపు ఒడ్డున నిలబడితే ఎవరో ఒకరు మాట కలుపుతారు. మీ అదృష్టం బాగుంటే కాఫీ డబ్బులు కూడా వాళ్లే ఇస్తారు."

అతను నవ్వలేదు. "మరి ముప్పై రెండేళ్ల ఆడది, కుట్టుపని చేసుకునేది, ఒక్కతే ఉండాలనుకుంటే?"

"మీ చెల్లెలికా అండీ?"

"మా ఆవిడకి."

సంచిలోంచి ఇంకో పత్రిక తీసి బల్ల మీద పరిచాడు. అదే సంచిక. జాబితా ఉండాల్సిన పేజీ లేదు. కత్తెరతో శుభ్రంగా కత్తిరించి ఉంది.

"పట్టుకుపోయింది. అయిదు రోజులైంది. ఈ ఏడింటిలో ఏదో ఒక ఊళ్లో ఉంది. ఏ ఊరో మీరే చెప్పాలి."

"పోలీసులకి చెప్పారా?"

"ఎందుకండీ, ఇంట్లో గొడవకి? కిందటిసారి వాళ్లక్క ఇంటికి పోయింది. ఆ అక్క తలుపు తియ్యనంది." కత్తిరించిన అంచును వేలితో నిమిరాడు. "పాపం, ఇప్పుడా అక్క కర్ర లేకుండా నడవలేదు."

ఎంత నెమ్మదిగా అన్నాడంటే, అది బెదిరింపని తెలియడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. తెలిశాక గుమ్మం వైపు చూసింది. టీ తెస్తానని వెళ్లిన అటెండర్ అరగంటైనా పత్తా లేడు.

"నాకెలా తెలుస్తుందండీ?"

"ఊళ్లన్నీ తిరిగింది మీరే కదా మేడమ్. దాని బుర్రలో ఈ ఆలోచన పెట్టిందీ మీరే." కుర్చీలో వెనక్కి వాలాడు. "చెప్పేదాకా కూర్చుంటాను. నాకేం తొందర లేదు."

రేవు ఊరు. ఇంకెక్కడికి వెళుతుంది? జాబితా చేతిలో ఉన్న ఏ ఆడదైనా మొదటి పేరే చూస్తుంది. అక్కడ ఆడవాళ్ల హాస్టళ్లున్నాయని, కుట్టుపనికి గిరాకీ ఉందని తనే ఊరించి ఊరించి రాసింది. ఇప్పుడు ఆ పేరు నోరు జారితే ఆ అమ్మాయి ప్రాణాలు తీసినట్టే. అబద్ధం ఆడాలి. అదీ అతికినట్టు ఆడాలి.

"గనుల ఊరు," అంది.

"అది ఆఖర్న ఉంది కదా!"

"అందుకేనండీ. పారిపోయే మనిషి సుఖంగా ఉండే ఊరు చూసుకుంటుందా? మొదటి ఊళ్లో ఎవరైనా వెతుకుతారు. ఆఖరి ఊళ్లో ఎవరు వెతుకుతారు? నేనైతే అక్కడికే పోతాను."

అతను ఆమె కళ్లలోకే చూస్తూ ఉండిపోయాడు. ఆమె రెప్ప వెయ్యలేదు.

"తెలివైనవారు మేడమ్," అన్నాడు చివరికి.

"నాలుగింటికి బస్సుంది," అంది, ఎంత త్వరగా వదిలితే అంత మంచిదని.

అతను కుర్చీని పద్ధతిగా బల్ల కిందికి జరిపి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు పూర్తిగా వినబడకుండా పోగానే ఆమె పరుగున వెళ్లి గడియ వేసింది.

"ఏంటమ్మా, పట్టపగలు గడియేసుకున్నారు?" అంటూ అటెండర్ తలుపు తట్టేసరికి ఆమె నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

టీ తాగాక కాస్త ప్రాణం కుదుటపడింది. రేవు ఊరి పోలీసులకు ఫోన్ చేసి అతని ఆనవాళ్లన్నీ చెప్పింది. హాస్టళ్ల మీద ఓ కన్నేసి ఉంచుతామన్నారు. గనుల ఊరికీ రేవు ఊరికీ ఒక పగలంతా ప్రయాణం. అక్కడ వెతికి వెతికి వాడే విసిగిపోతాడు. అయినా రెండు రోజులు మెట్ల మీద ఏ చప్పుడైనా ఆమె ఉలిక్కిపడుతూనే ఉంది.

మూడో రోజు పాఠకుల ఉత్తరాల్లో, పంపినవాళ్ల చిరునామా లేని కవరొకటి వచ్చింది.

"అమ్మా, మీరెవరో నాకు తెలియదు. మీ వ్యాసం చదివాకే ధైర్యం వచ్చి మా ఆయన దగ్గర్నుంచి బయటపడ్డాను. ఫోన్ పారేశాను, అందుకే ఈ ఉత్తరం. రేవు ఊరికే టికెట్ తీసుకోబోయాను గానీ, ఆయన ముందు వెతికేది అక్కడేనని తోచి, ఎవరి ఊహకూ రాదని గనుల ఊళ్లో దిగిపోయానమ్మా."