ఏనుగు మోకాళ్లు వంచి చూసిన మలుపు

వాగుకు దారి వేసే పని ఏనుగు మామ నెత్తికెత్తుకున్నాడు. తొండంతో మట్టిలో పొద చుట్టూ మలుపు తిరిగేలా గీత గీశాడో లేదో, తీతువు పిట్ట ఎగిరొచ్చి దాని మీద నిలబడింది. నేల మీదే గూడు పెట్టుకునే పిట్ట అది. దాని పిల్లలు ఈ దారి దాటే నీళ్లకు వెళ్లాలి.

"మామా, ఈ మలుపు కుదరదు."

"దారి పూర్తవనీ, అప్పుడు చూద్దువుగాని."

"అప్పటికి నా పిల్లలు మిగలాలిగా! పరిగెత్తే జింకకు వాళ్లు కనబడరు."

"నాకన్నీ కనబడుతున్నాయే!"

"అంత ఎత్తు నుంచి ఎందుకు కనబడవు? జింక ఎత్తుకు వంగి చూడు."

ఏనుగు మోకాళ్లు వంచాడు. ఎదురుగా పొద తప్ప ఇంకేమీ కనబడలేదు. గీత చెరిపి, దారిని తిన్నగా గీశాడు.

తవ్వకం సగంలో ఉండగా పిట్ట మళ్లీ దిగింది.

"మళ్లీ వచ్చావా, కోడలు పిల్లా?"

"దారి పక్కన కొత్తగా మట్టి పోశావుగా! ఆ కుప్ప వెనక ఎవరున్నారో ఎలా తెలుస్తుంది?"

ఏనుగు గొణుక్కుంటూనే కుప్ప తీసేశాడు.

దారి తెరిచిన పొద్దున జింకల మంద దూసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పిట్టపిల్లలు దారి మధ్యలో ఉన్నాయి. ముందున్న జింక దూరం నుంచే చూసి ఆగింది. పిల్లలు తాపీగా దాటాయి.

ఏనుగు గట్టిగా ఊపిరి వదిలాడు. "రేపు కొండవైపు ఇంకో దారి మొదలెడుతున్నా. గీత గీయకముందే రా, పోట్లాడుకుందాం."